అసిరమ్మ తప్ప

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. మా అమ్మమ్మ అసిరమ్మకు ఆ చోటు చాలదు. ఆమెది చిన్న ముక్కు, పెద్ద కోపం. అన్నం వండితే ముద్దయ్యేది. పాట ఎత్తుకుంటే పక్క క్వార్టర్లో నిద్రపోయే పసివాళ్లు లేచి ఏడ్చేవాళ్లు. కోపం ఒక్కటే ఆమెకు ఎప్పుడూ చెడకుండా కుదిరేది.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజున ఆ కోపమంతా నా మీదికి వచ్చింది. చేటలో బియ్యం ఏరుతూ, "నీ జిమ్మడ, నీలాటిదాని కోసమేటే నాను అంత గోల సేసింది?" అంది.

"ఏం గోల అమ్మమ్మా?" అన్నాను, తిట్లు కాసేపైనా ఆగుతాయని.

ఆగలేదు. గోల సంగతి చెబుతూనే తిట్టింది. ఆ కోపంలో రాళ్లతోపాటు బియ్యం కూడా తీసి పారేసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో కోళ్లు బాగా తిన్నాయి. తర్వాత ఆ కథ ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ప్రతిసారీ ఆమె తిట్లు మారేవి గానీ జరిగింది మాత్రం మారేది కాదు.

అమ్మమ్మ పుట్టింది పాలకొండ దగ్గర ఒక ఊళ్లో. వాళ్ల నాన్న సింహాచలం బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. తల్లి మంగాయమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లి, బిడ్డను కని, ఆ బిడ్డను తన తల్లి దగ్గరే ఉంచి రైలెక్కి వచ్చేసింది. బిలాస్‌పూర్ ఎండకు పసిపిల్ల తట్టుకోదని అప్పట్లో తొలి బిడ్డ విషయంలో అందరూ అలాగే చేసేవాళ్లట. ఆ ఊళ్లో ఆడపిల్లల బడి ఉండేది. అమ్మమ్మ అందులో నాలుగో క్లాసు చదివింది. ఐదో క్లాసు మొదలయ్యేలోగా వాళ్ల అమ్మమ్మ పోయింది. మేనమామ ఏవో సాకులు చెబుతూ ఏళ్లు గడిపి, చివరికి పద్నాలుగు దాటిన పిల్లను రైలెక్కించి తండ్రి దగ్గరికి పంపేశాడు. రెండో పెద్ద యుద్ధం ఇంకా రాలేదు.

బిలాస్‌పూర్‌లో దిగిన మర్నాడే ఆమె వాళ్ల అమ్మను అడిగిన మొదటి మాట, "బడి ఎటేపు?"

మంగాయమ్మ నవ్వింది. "బడేటే? ఇక్కడ ఆడపిల్లలకి బడి నేదు. ఈ పొయ్యి సూడు, ఆ బిందె సూడు. ఇదే నీ బడి."

రైల్వే కాలనీలో తెలుగువాళ్ల బడి లేకపోలేదు. మనవాళ్లు కొందరు చేరి ఒక సంఘం పెట్టుకుని, షెడ్డు పక్కనున్న పాత గోదాము గదిని దొరల దగ్గర అడిగి తీసుకుని, ఊరి నుంచి బంగార్రాజు మాస్టారిని పిలిపించుకున్నారు. ఐదో క్లాసు దాకా తెలుగు, లెక్కలు, కాస్త ఇంగ్లీషు. పిల్లలు తెలుగు మరిచిపోతున్నారని, ఊరికి వెళ్తే తాతలతో హిందీలో మాట్లాడుతున్నారని బాధపడి పెట్టిన బడి అది. పిల్లలంటే మగపిల్లలు. ఆడపిల్లలు తెలుగు మరిచిపోయినా ఎవరికీ బాధ లేదు. పొయ్యికి ఏ భాషైనా ఒకటే కదా.

చెల్లెలు కనకానికి అప్పుడు ఏడేళ్లు. అక్క కొత్తగా వచ్చిందని సంబరపడి వెంట తిరుగుతుండేది. అసిరమ్మ దాన్ని కూర్చోబెట్టి క్వార్టర్ గోడ మీద బొగ్గుతో అ ఆలు రాసింది. సున్నం వేసిన గోడ అది. సింహాచలం డ్యూటీ నుంచి వచ్చి చూశాడు.

"ఇదేటి? ఎవల్రాసినారు?"

"నానే అయ్యా. పలక నేదు కదా."

చెంప మీద ఒకటి పడింది. మర్నాడు మంగాయమ్మ సున్నం కలిపి గోడకు పూసింది. అసిరమ్మ దాని మీద మళ్లీ రాసింది. ఈసారి తల్లి గరిటె ఎత్తింది. అలా కొన్నాళ్లు మా ముత్తాత క్వార్టర్లో ఒకే గోడ మీద వరసగా సున్నం, అ ఆలు, సున్నం, అ ఆలు పొరలు పొరలుగా పడ్డాయి. ఆ గోడ మిగతా గోడల కన్నా మందంగా తయారైందని అమ్మమ్మ చెప్పేది. నేను నమ్మలేదు. ఆమె చెప్పిన వాటిలో నేను నమ్మనిది అదొక్కటే.

ఇప్పుడు క్యారేజీల సంగతి చెప్పాలి. అది లేకపోతే ఈ కథే లేదు.

క్వార్టర్లు యార్డుకి ఇటువైపు ఉండేవి. లోకో షెడ్డు, ఆ పక్కనే బడి, యార్డుకి అటువైపు. మధ్యలో పట్టాలు, వాటి మీద పొద్దస్తమానం అటూ ఇటూ జరిగే గూడ్సు పెట్టెలు. షెడ్డులో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం కూత పడగానే కూడు తినే విరామం. అది చిన్నది. ఇంటికొచ్చి తిని వెళ్లడానికి చాలదు. పైగా పెద్ద దొర చీటీ లేకుండా ఆ వేళ ఎవరినీ గేటు దాటనిచ్చేవారు కాదు. కాబట్టి వేడి అన్నం క్యారేజీలో పెట్టి ఇంటి నుంచి పంపాలి. ఎవరు తీసుకెళ్లాలి? మగపిల్లలు ఆ వేళకు బడిలో ఉంటారు. పెళ్లయిన ఆడది షెడ్డు గేటు దగ్గర కనబడితే ఇంటాయనకు తలవంపు. నలుగురు మగాళ్లు చూస్తారు, ఎవరి పెళ్లామని అడుగుతారు. మిగిలింది పెళ్లికాని ఆడపిల్లలు. మధ్యాహ్నం కూత పడే ముందు క్వార్టర్ల నుంచి వాళ్లంతా క్యారేజీలు పట్టుకుని బయల్దేరి, పెట్టెల సందుల్లోంచి దూరి, పట్టాల మీంచి గెంతి, షెడ్డు గేటు కమ్మీల సందుల్లోంచి తండ్రులకు అందించేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు ఇంజన్ల నుంచి రాలిన బొగ్గు పట్టాల మధ్య ఏరి ఒడిలో పోసుకుని తెచ్చేవాళ్లు. ఆ బొగ్గుతోనే రాత్రి పొయ్యి వెలిగేది.

అసిరమ్మ కూడా తీసుకెళ్లేది. గేటు దగ్గర నిలబడితే పక్కన బడి కిటికీలోంచి ఎక్కాలు వినబడేవి. ఏడో ఎక్కం దగ్గర కుర్రాళ్లు తడబడేవాళ్లు. ఈమె ఇటునుంచి గట్టిగా అందించేది. ఒకరోజు బంగార్రాజు మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు.

"ఎవరమ్మా ఆ ఎక్కం చెప్పింది?"

"నానే మాస్టారూ. నాలుగు సదివినాను. ఐదు సదవాలి. నన్నూ మా సెల్లినీ సేర్సుకోండి."

మాస్టారు మంచివాడే. కాకపోతే పిరికివాడు. తన జీతం సంఘం చేతిలో ఉందని ఎప్పుడూ మరిచిపోలేని మనిషి. "నా చేతిలో ఏముందమ్మా, సంఘాన్ని అడగాలి" అని తల లోపలికి లాక్కున్నాడు.

సంఘాన్ని అడగాలంటే శంకరరావు గారిని అడగాలి. ఆయన షెడ్డు ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఎవరికి సెలవు దొరకాలన్నా, ఊరెళ్లడానికి పాసు రావాలన్నా ఆయన బల్ల మీంచే వెళ్లాలి. అందుకని సంఘంలో ఆయన ఒక మాట అంటే మిగతావాళ్లు అది తమ మనసులోనిదే అన్నట్టు తలలూపేవాళ్లు.

అసిరమ్మ ఇల్లిల్లూ తిరిగింది. అచ్చియమ్మ అని డ్రైవరుగారి అమ్మాయి ఆమెకు తోడైంది. ఇద్దరూ చిన్నపిల్లల్ని పోగేసి, జడలు వేసి, మొహాలు కడిగి, ఆదివారం పొద్దున సంఘం కూర్చున్నప్పుడు బడి గది ముందు నిలబెట్టారు. లోపల తండ్రులు బల్లల మీద, బయట కూతుళ్లు ఎండలో.

"ఏమిటమ్మా ఇది, ఊరేగింపా?" అన్నాడు శంకరరావు గారు. లోపల నవ్వులు.

"బడిలో సేర్సుకోమని అడగడానికొచ్చినాం బాబూ" అంది అసిరమ్మ. "నోపల వెనకాల జాగా ఉంది. కింద కూకుంతాం. బల్లలు ఒద్దు."

శంకరరావు గారు మంచి మాటకారి. చదువు వద్దని అనలేదు. ఆడపిల్లలకు చదువు మంచిదే అన్నాడు. తమ ఇంట్లో ఆడవాళ్లకు తనే భాగవతం చదివి వినిపిస్తానన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కానీ మధ్యలో పట్టాలున్నాయి. పెట్టెలు కదులుతుంటాయి. రేపు ఏ పిల్ల కాలో పోతే దాన్నెవరు చేసుకుంటారు? మీరు తండ్రులు, ఆలోచించండి. బడి కోసం ఆడపిల్లను పట్టాలు దాటించమని నేను మాత్రం చెప్పలేను" అన్నాడు.

తండ్రులందరూ బరువుగా నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు తలుచుకున్నప్పుడల్లా అమ్మమ్మకు చేట చేతిలో నిలిచేది కాదు. ఆ ముందు రోజు మధ్యాహ్నమే ఆ పిల్లలు వాళ్ల అన్నం పట్టుకుని అవే పట్టాలు దాటారు. బొగ్గు ఏరడానికి పెట్టెల కిందకు దూరారు. ఒక పిల్ల తెచ్చిన చేపల పులుసులో ఉప్పు తక్కువైందని ఒక తండ్రి గేటు దగ్గరే మొట్టాడు కూడా.

"బాబూ, మరి..." అని అసిరమ్మ నోరు తెరిచింది.

"పెద్దలు మాట్లాడేటప్పుడు ఆడపిల్ల నోరెత్తకూడదు" అన్నాడు శంకరరావు గారు. "సరే, ఇది ఇక్కడితో తేల్చేద్దాం. మన కాలనీ తెలుగు ఆడపిల్లలు ఎవరూ పట్టాలు దాటకూడదు. ఇది సంఘం మాట. అందరికీ సమ్మతమేనా?"

అందరూ చేతులెత్తారు. సింహాచలం కూడా ఎత్తాడు. శంకరరావు గారి భోజనం ఆఫీసు ప్యూను సైకిల్ మీద తెచ్చేవాడు, కాబట్టి ఆయనకు గుర్తు రాకపోయిందనుకోవచ్చు. మిగతావాళ్లకు ఏమైందో దేవుడికే తెలియాలి. మనకు అన్నం ఎవరు తెచ్చిపెడుతున్నారో తింటున్నంతసేపూ గుర్తుండదేమో.

దారిలో అచ్చియమ్మ ఏడుపు మొదలెట్టింది. అసిరమ్మ ఏడవలేదు. "ఏడవకే ఎర్రిదానా. ఆళ్లేటన్నారో ఇన్నావా? పట్టాలు దాటొద్దన్నారు. అచ్ఛా. దాటొద్దు."

మర్నాడు మధ్యాహ్నం ఆడపిల్లలందరూ మామూలుగానే క్యారేజీలు పట్టుకుని బయల్దేరారు. మొదటి పట్టా దగ్గరికొచ్చి ఆగారు. క్యారేజీలు కింద పెట్టి, పక్కన కూర్చున్నారు. కూత పడింది. అటువైపు షెడ్డు గేటు కమ్మీల వెనక తండ్రులు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. మధ్యలో ఒక గూడ్సు బండి నింపాదిగా సాగిపోయింది. అది పోయాక చూస్తే పిల్లలు ఇంకా ఇటే ఉన్నారు.

"ఒలే అసిరీ!" సింహాచలం గొంతు యార్డంతా వినబడింది. "ఏటక్కడే కూకున్నారు? తీసుకురా!"

"దాటకూడదంట అయ్యా!" అని అసిరమ్మ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచింది. "నిన్న నువ్వూ సెయ్యెత్తినావు కదా!"

మిగతా తండ్రులూ తమ తమ పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచారు. బతిమాలారు. తిట్టారు. ఒక చిన్నపిల్ల తండ్రి కేకకు భయపడి లేచింది. అచ్చియమ్మ దాని పావడా పట్టుకుని కూర్చోబెట్టింది. షెడ్డులో మిగతా భాషలవాళ్లు తమ రొట్టెలు తింటూ ఈ తమాషా చూశారు.

చివరికి శంకరరావు గారే దొర చీటీ తీసుకుని, గొడుగు వేసుకుని పట్టాలు దాటి వచ్చాడు.

"ఏమిటీ అల్లరి? లేవండి. మీ నాన్నలు ఆకలితో ఉన్నారు."

అసిరమ్మ లేచి నిలబడి, తల వంచి, చాలా మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదే ఆయన్ను ఎక్కువ మండించిందని ఆమె నమ్మకం. "సంఘం మాట కదా బాబూ. కాలు పోతే ఎవులు సేసుకుంతారు?"

"అది బడి విషయం. ఇది అన్నం విషయం."

"పట్టాలకి తెలుస్తాదేటి బాబూ, నాను పలక తెచ్చినానో క్యారేజీ తెచ్చినానో?"

జవాబు లేనివాళ్లు చేసే పనే ఆయనా చేశాడు. "సింహాచలం కూతురివి కదూ? చెబుతాను" అని వెళ్లిపోయాడు. విరామం అయిపోయిన కూత పడింది. మగవాళ్లు ఖాళీ కడుపులతో ఇంజన్ల కిందకు దూరారు. ఆడపిల్లలు అక్కడే కూర్చుని ఆ అన్నం తిన్నారు. వేడన్నం అంత కడుపునిండా తినడం చాలామందికి అదే మొదటిసారి. ఇంట్లో వాళ్ల వంతు ఎప్పుడూ చివరిది.

ఆ సాయంత్రం కాలనీలో ప్రతి తెలుగు ఇంట్లోనూ దెబ్బల చప్పుడు వినబడింది. మా ముత్తాత బెల్టు తీశాడు. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆయన్ను నేను చూడలేదు, ఫొటో కూడా లేదు. మంచివాడని, నవ్వించేవాడని, ఊరెళ్తే అందరికీ రేగుపళ్ల వడియాలు తెచ్చేవాడని ఇంట్లో అంటారు. అవన్నీ నిజమే కావచ్చు. బెల్టు కూడా నిజమే. ఆ మచ్చ అమ్మమ్మ భుజం మీద ముడతల్లో కూడా కనిపించేది. "ఎంతసేపు కొట్టాడు?" అని అడిగితే, "ఆడు ఆకలి మీద ఉన్నాడు కదే, ఎంతసేపు కొడతాడు, ఓపిక నేదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బుద్ధి వచ్చిందా అని తండ్రి అడిగాడు. "వచ్చింది" అందామె. "రేపటి నించి బొగ్గు కూడా ఏరం. అదీ పట్టాల మజ్జినే ఉంటాది."

మర్నాడు సింహాచలం డ్యూటీకి బయల్దేరుతూ పెళ్లాంతో, "ఆ గుంటను నమ్మొద్దు. కూడు నువ్వే తీసుకురా" అన్నాడు.

మంగాయమ్మ అప్పటిదాకా కూతురి మీద కోపంగానే ఉంది. అంతకుముందు రోజు గరిటె తిరగేసింది ఆమే. కానీ రాత్రంతా ఆ పిల్ల భుజానికి పసుపూ నూనే రాస్తూ కూర్చుంది. ఆమె మొగుడి వైపు చూడకుండా, బిందె తోముతూ అంది: "పెళ్లైన ఆడది షెడ్డు గేటు కాడికి రాకూడదని నన్ను తెచ్చిననాడే సెప్పినావు. ఇన్నేళ్లు నాను ఆ మాట దాటినానా?"

"ఇప్పుడు నానే రమ్మంతన్నాను కదే."

"నీ మాట రోజుకోలాగుంటే నానేటి సెయ్యను? నలుగురూ సూసి, ఎవులి పెళ్లామని అడిగితే?"

ఆ మాట బావి దగ్గర మిగతా ఆడవాళ్లకు చేరింది. వాళ్లందరికీ ఆ మాట నచ్చింది. ఏళ్ల తరబడి ఎక్కడికి వెళ్తామన్నా ఆ మాటతోనే కదా వాళ్లను ఆపింది. ఏ ఇంటి ఇల్లాలూ గేటు దగ్గరికి రాలేదు.

ఇక మగపిల్లలే మిగిలారు. మధ్యాహ్నం కూతకు ముందే బడి వదిలేసి, వాళ్లు క్వార్టర్లకు పరిగెత్తి, క్యారేజీలు పట్టుకుని షెడ్డుకు పరిగెత్తాలి. ఆ వారం తెలుగువాళ్ల తండ్రులు తిన్న తిండి తలుచుకుని అమ్మమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేది. ఒకడు పెట్టెల వెనక కూర్చుని చేపముక్కలన్నీ తిని ముళ్లు తీసుకెళ్లి ఇచ్చాడు. ఒకడు బొగ్గు బూడిద గుంటలో జారి పులుసంతా తల మీద పోసుకున్నాడు. ఇద్దరు క్యారేజీలు మార్చుకుని, ఎవరి నాన్నది ఏదో తెలియక గేటు దగ్గర కొట్టుకున్నారు. సగంమంది అసలు రానే లేదు; అటునుంచి అటే అర్పా నదికి ఈతకు పోయారు. సింహాచలానికి ఒకరోజు ఎవరిదో బెల్లం పరమాన్నం దొరికిందట. ఆ ఒక్కరోజూ ఆయన ఫిర్యాదు చేయలేదు.

బడిలో మధ్యాహ్నం తర్వాత బంగార్రాజు మాస్టారు ఖాళీ బల్లలకు పాఠం చెప్పుకున్నాడు. వారం చివర ఆయనకు కూడా కొంచెం ధైర్యం వచ్చింది. "నా పాఠాలు పాడవుతున్నాయి, సంఘం కూర్చోవాలి" అని తనే వెళ్లి అడిగాడు.

ఆదివారం మళ్లీ కూర్చున్నారు. ఈసారి గది బయట పిల్లలతో పాటు తల్లులు కూడా వచ్చి కూర్చున్నారు. పట్టాలు ఎలా దాటారని ఎవరూ వాళ్లను అడగలేదు.

శంకరరావు గారు మొదలుపెట్టాడు. "మొన్న తొందరలో ఒక మాట అనుకున్నాం. పట్టాల సంగతి. దాన్ని వెనక్కి తీసుకుందాం. పిల్లలు జాగ్రత్తగా దాటితే ప్రమాదం ఏమీ లేదు."

"అలగైతే బడికి కూడా జాగర్తగా దాటుతారు కదా బాబూ" అని కిటికీలోంచి అసిరమ్మ గొంతు వచ్చింది.

"నిన్ను మాట్లాడమన్నారా?"

"నేదు. మా అమ్మ మాటాడమంది."

మంగాయమ్మ జీవితంలో మొదటిసారి మగవాళ్లున్న చోట నోరు తెరిచింది. "నానే అన్నాను బాబూ."

లోపల గుసగుసలు. ఒక తండ్రి అడిగాడు, ఆడపిల్లలు బడిలో ఉంటే క్యారేజీలు ఎవరు తెస్తారని. ఈ ప్రశ్నకు అసిరమ్మ వారమంతా ఆలోచించి జవాబు సిద్ధం చేసుకుంది. పొద్దున బడికొచ్చేటప్పుడే పిల్లలు క్యారేజీలు తెస్తారు. గోదాము మూల నీడలో పెడతారు. కూత పడగానే మాస్టారు విడిచిపెడితే, బడి పక్కనే కాబట్టి గేటు దగ్గరికి వెళ్లి అందించి, వాళ్లూ తిని మళ్లీ వచ్చి కూర్చుంటారు.

"అప్పటికి అన్నం సల్లారిపోతాది" అన్నాడు సింహాచలం. ఆ కూటంలో ఆయన పలికిన మాట అదొక్కటే. అమ్మమ్మ ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగేది. నేను అడిగితేనే ముందుకు సాగేది.

కానీ వారం రోజులు ముళ్లు తిన్న తండ్రులకు చల్లారిన అన్నం కూడా పరమాన్నంలా కనబడింది. ఒకరి తర్వాత ఒకరు సరే అన్నారు. శంకరరావు గారికి గాలి ఎటు తిరిగిందో అర్థమైంది. ఓడిపోయినట్టు కనబడకూడదు. చొక్కా సర్దుకుని అన్నాడు:

"సరే. చిన్నపిల్లలు వస్తే రానివ్వండి. నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఒక షరతు. సింహాచలం పెద్ద కూతురు మాత్రం బడి గడప తొక్కకూడదు. ఎదిగిన పిల్ల. మగపిల్లల మధ్య కూర్చోబెడితే రేపు లోకం మనల్ని అంటుంది. పైగా ఆ నోరు. ఒక్క పిల్ల లోపలికొస్తే పదిమంది పాడవుతారు. దీనికి ఒప్పుకుంటేనే నేను చెయ్యెత్తేది."

అచ్చియమ్మ కూడా ఎదిగిన పిల్లే. దాని మాట ఎవరూ ఎత్తలేదు, దాని నోరు చిన్నది కాబట్టి. లోకం అనే మాటకు అర్థం నాకు అక్కడ తెలిసింది. లోకమంటే ఎవరికి ఎవరి మీద కోపం ఉందో వాళ్లే.

అసిరమ్మ కిటికీలోంచి తండ్రి వైపు చూసింది. ఆయన మాట్లాడితే చాలు. "నా కూతురు నాలుగు చదివింది, వెనకాల కూర్చుంటుంది" అంటే చాలు. అక్కడున్న తండ్రులు ఆ పూట ఏదైనా ఒప్పుకునేలా ఉన్నారు. సింహాచలం తన కాళ్ల వైపు చూసుకున్నాడు. దసరాకు ఊరెళ్లే పాసు అప్పుడు శంకరరావు గారి బల్ల మీద ఉంది.

మాస్టారు ఏదో అనబోయి దగ్గాడు.

"ఏమంటావమ్మా?" అన్నాడు శంకరరావు గారు. ఆమె గొడవపెట్టుకుంటుందని, అప్పుడు మొత్తం వ్యవహారం చెడిపోతుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె కూడా అది కనిపెట్టింది. కనకం అప్పుడు ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఒప్పుకుంతాను" అంది. "మా కనకం, తక్కినోళ్లు రేపే వస్తారు. రేపంటే రేపే. వచ్చేవారం కాదు."

మంగాయమ్మ ఏడ్చింది. సింహాచలం అప్పటికీ తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున అసిరమ్మ పిల్లల్ని బడి దాకా తీసుకొచ్చింది. క్యారేజీలు మూల నీడలో వరసగా పెట్టించి, తను గడప ఇవతల ఆగిపోయింది. కనకం లోపలికి వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, బావురుమంది. మా చిన్నమ్మమ్మ కనకానికి చదువంటే ఎంత ఇష్టమంటే, ఆ తర్వాత ఐదేళ్లూ వారానికి ఒకసారైనా కడుపునొప్పి అని పడుకునేది. ఐదో క్లాసు దాకా చదివింది, అదీ అక్క తంతుందన్న భయంతో. ఇది ఆమెకు చెబితే ఇప్పటికీ నన్ను కొడుతుంది.

"ఇటేటి సూత్తావు? మాస్టారిని సూడు" అని గడప బయట నుంచి అసిరమ్మ కసిరింది.

శంకరరావు గారు ఆఫీసుకు వెళ్తూ ఆగాడు. గెలిచినవాడు కాస్త దయగా ఉండొచ్చు కదా. "నువ్వు కోరింది జరిగింది కదమ్మా. ఇంక ఇంటికెళ్లు."

"నాను కోరింది జరగనేదు బాబూ. ఆళ్లది జరిగింది. నాది అలగే ఉంది."

"ఆడపిల్లకు ఇంత కోపం పనికిరాదు."

"ఇప్పుడే కదా బాబూ పనికొచ్చింది" అంది ఆమె, లోపల కూర్చున్న ఆడపిల్లల్ని చూపిస్తూ.

ఆ మాటకు శిక్ష తొందరగానే పడింది. నోరున్న పిల్లను ఎక్కువ రోజులు ఇంట్లో ఉంచకూడదని సింహాచలానికి ఎవరు సలహా ఇచ్చారో ఊహించుకోవచ్చు. కర్గీ రోడ్ స్టేషన్‌లో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసే అప్పలకొండకు ఇచ్చి పెళ్లి చేశారు. ఆయనే మా తాత. కర్గీ రోడ్‌లో అప్పుడు తెలుగు కుటుంబం ఆయనదొక్కటే. బడీ లేదు, గొడవపడడానికి సంఘమూ లేదు. తాత నెమ్మదస్తుడు. ఆమె ఏది చెబితే దానికి అచ్ఛా అనేవాడు. ఆయన్నే ఏడాదికోసారి బిలాస్‌పూర్ పంపి, బంగార్రాజు మాస్టారి దగ్గర ఐదో క్లాసు పుస్తకాలు తెప్పించుకుంది. తెలుగు పుస్తకం తనంతట తను చదివేసింది. చరిత్ర చదివేసింది. లెక్కల్లో భిన్నాల దగ్గర ఆగిపోయింది.

భిన్నాలు ఒకరు ఎదురుగా కూర్చుని చెబితే గానీ వచ్చేవి కావు. తాతకు రావు. స్టేషన్ మాస్టారు బెంగాలీ ఆయన. ఆయన భాషలో చెబితే ఈమెకు తెలియదు. ఎన్నోసార్లు పుస్తకం తెరిచింది, మూసింది, ఒకసారి పొయ్యిలో వేయబోయి మళ్లీ తీసింది. మా అమ్మకు గాని నాకు గాని ఎవరైనా ఇంట్లో భిన్నాలు చెప్పే రోజున ఆమె పక్కకు వచ్చి కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. ముక్కు మాత్రం ఎర్రగా అయ్యేది. ఆమె కోపం తగ్గిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమెకు కోపం తగ్గాల్సిన అవసరం ఏమీ కనబడదు నాకు.

"నీకు ఏడుపు రాలేదా అమ్మమ్మా, ఆ గడప బయట?" అని ఒకసారి అడిగాను.

"ఏడిస్తే ఆడు గెలిసినట్టు కదే" అంది.

ఆ గోదాము గదిలో వెనక నేల మీద, గోడ వారగా, ఇంకో పిల్ల కూర్చోవడానికి చోటు ఉండేదట. ఆమె కిటికీలోంచి రోజూ చూసింది కాబట్టి ఆ చోటు ఎంతో ఆమెకు తెలుసు. ఆ పిల్ల అక్కడ కూర్చుని భిన్నాలు నేర్చుకుంటే ఎవరి కాలు పోయేది, ఎవరి పరువు పోయేది, ఎవరి అన్నం ఇంకెంత చల్లారేది? నాకు ఎనిమిదో తరగతి చదువే కాబట్టి తెలియడం లేదు. శంకరరావు గారి వంశంలో బాగా చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి చెప్పాలి.